బొమ్మ ముందు మూడు ప్రశ్నలు: ఆర్ట్ మ్యూజియంలు బడి టీచర్లకు నేర్పేది ఏమిటి?

ఆర్ట్ మ్యూజియంలో టీచర్లకు ట్రైనింగ్ అనగానే డ్రాయింగ్ మాస్టార్లు గుర్తొస్తారు. రంగులు కలపడం, మట్టితో బొమ్మలు చేయించడం, పేపర్ క్రాఫ్ట్ లాంటివేవో చెబుతారనుకుంటాం. నిజానికి ప్రపంచంలో పేరున్న ఆర్ట్ మ్యూజియంలు నడిపే శిక్షణల్లో చాలావాటికి డ్రాయింగ్ రావాల్సిన అవసరమే లేదు. అవి సోషల్, సైన్స్, భాషలు చెప్పేవాళ్ల కోసం, ప్రైమరీలో అన్ని సబ్జెక్టులూ ఒక్కరే చెప్పే క్లాస్ టీచర్ల కోసం ఏర్పాటు చేసినవి. మరి లెక్కల టీచర్ని ఒక పెయింటింగ్ ముందు కూర్చోబెట్టి మ్యూజియం ఏం నేర్పుతుంది? దానికి అంత ఖర్చు దేనికి? దాంతో పిల్లలకు ఏమైనా ఒరిగిందని రుజువు ఉందా? ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడిన ప్రశ్నలు. నేను చదివి తెలుసుకున్నంత మేరకు ఆ ముడి విప్పే ప్రయత్నం ఇది.

కథ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. అందరూ మోమా అని పిలిచే ఈ మ్యూజియం 1929లో ప్రారంభమైంది. 1937లో అక్కడ విద్యా విభాగం బాధ్యత తీసుకున్న విక్టర్ డమికో పిల్లలు చేత్తో బొమ్మలు చేస్తేనే కళ వంటబడుతుందని నమ్మిన మనిషి. ఆయన రూపొందించిన పిల్లల ఆర్ట్ కార్నివాల్, అంటే పిల్లలు వచ్చి ఆడుతూ బొమ్మలు చేసుకునే చోటు, 1960ల తొలినాళ్లలో మన దేశానికి కూడా బహుమతిగా వచ్చింది. అప్పట్లో పద్ధతి ఏమిటంటే, మ్యూజియమే పిల్లల్ని పిలిచి, తన మనుషులతో తనే నేర్పేది.

1983లో ఫిలిప్ యెనవైన్ అదే మ్యూజియంలో విద్యా విభాగం డైరెక్టర్ అయ్యారు. గైడ్ల ప్రసంగాలు, గ్యాలరీ టాక్‌లు, గోడల మీద వివరాలు, అన్నీ బాగానే నడుస్తున్నాయి. వచ్చినవాళ్లు సంతోషంగా వెళుతున్నారు. కానీ అసలు వీళ్లకు ఏమైనా అందుతోందా అని మ్యూజియం పెద్దలు అడిగారు. తేల్చడానికి పరిశీలన జరిగింది. ప్రసంగం బాగుందని మెచ్చుకున్నవాళ్లకే, బయటికొచ్చిన కాసేపటికి, అందులో విన్నది పెద్దగా గుర్తు లేదని బయటపడింది. తమ పని బాగా చేస్తున్నామనుకునే ఏ సంస్థకైనా మింగుడుపడని ఫలితమే. దాన్ని దాచిపెట్టకుండా, ఎక్కడ తేడా కొడుతోందో వెతకడానికి యెనవైన్ ఒక మనస్తత్వ పరిశోధకురాలితో చేయి కలిపారు. ఆమె పేరు ఆబిగైల్ హౌసెన్.

హౌసెన్ పద్ధతి చాలా సాదా. మనిషికి ఒక బొమ్మ చూపించి, మనసులో ఏం తోస్తే అది పైకి చెప్పమంటారు. మధ్యలో ప్రశ్నలు వేయరు, దారి చూపరు. చెప్పినదంతా రికార్డు చేసి, మాట మాటా రాసుకుని విశ్లేషిస్తారు. హార్వర్డ్‌లో చేసిన పరిశోధనలో, 1983 నాటికి, బొమ్మలు చూసే తీరులో అయిదు దశలున్నాయని ఆమె ప్రతిపాదించారు. మొదటి దశవాళ్లు బొమ్మలో కథ అల్లుతారు. "ఈమె ఎవరికోసమో ఎదురుచూస్తోంది, కోపంగా ఉంది" అంటారు. రెండో దశవాళ్లు తమకు తెలిసిన లోకంతో పోల్చి చూస్తారు. చెట్టు చెట్టులా లేకపోతే, చెయ్యి సరిగ్గా కుదరకపోతే "ఇదేం బొమ్మ?" అంటారు. మూడో దశకు వచ్చాకే ఇది ఎవరు వేశారు, ఏ కాలంలో, ఏ శైలిలో అన్న ఆసక్తి పుడుతుంది. ఆ పైన రెండు దశల్లో చూపు ఇంకా లోతుకు వెళుతుంది.

చిక్కు ఎక్కడుందంటే, మ్యూజియానికి వచ్చేవాళ్లలో అత్యధికులు మొదటి రెండు దశల్లోనే ఉంటారు. పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. కానీ గైడ్ చెప్పేది, లేబుల్ మీద రాసేది మూడో దశవాళ్లకు పనికొచ్చే సమాచారం. కళాకారుడి పేరు, పుట్టిన సంవత్సరం, శైలి, ఏ రాజవంశం, ఏ మాధ్యమం. వినేవాళ్ల మనసులో ఇంకా ఆ ప్రశ్నే పుట్టలేదు, జవాబు మాత్రం వచ్చేసింది. ఇక అది ఎలా నిలుస్తుంది?

హౌసెన్, యెనవైన్ ఇక్కడి నుంచే తమ పద్ధతి తయారుచేశారు. దాని పేరు విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్. పొట్టిగా వీటీఎస్ అంటారు. బయటికి చూస్తే మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? ఒక బొమ్మ పెట్టి, ముందు కాసేపు అందరూ నిశ్శబ్దంగా చూడాలి. తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలు ఈ మూడు ప్రశ్నల మీదే చర్చ. ఏడాది మొత్తంలో ఇలాంటి తరగతులు సుమారు పది. మ్యూజియం సందర్శన సాధారణంగా చివర్లో.

మూడు ప్రశ్నలు బట్టీ పట్టడానికి మూడు నిమిషాలు చాలు. మరి ట్రైనింగ్ దేనికి అనిపిస్తుంది. అసలు కష్టమంతా ప్రశ్నలకు, జవాబులకు మధ్యలో ఉంది. ఒక ఉదాహరణ తీసుకుంటే తప్ప అది కనిపించదు. పరాయి దేశపు పెయింటింగ్ ఎందుకు, మన అమరావతి శిల్పమే తీసుకుందాం.

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి గ్యాలరీలో పలనాటి సున్నపురాయి మీద చెక్కిన ఒక గుండ్రటి ఫలకం ఉంది. క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటిది. బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి అనే మదపుటేనుగు కథ అందులో ఉంది. ఆ ఫోటో పెద్దగా ప్రింటు తీసి, కథ చెప్పకుండా, పేరు చెప్పకుండా ఏడో తరగతి గోడకు అంటించారనుకుందాం. టీచర్ అడుగుతారు, ఇందులో ఏం జరుగుతోంది?

"ఏనుక్కి పిచ్చెక్కింది టీచర్" అంటాడొకడు.

"ఏం చూసి అలా అనిపించింది?"

"ఒకణ్ని తొండంతో పట్టుకుని ఈడుస్తాంది."

టీచర్ వేలితో ఆ చోటు చూపిస్తూ, "తొండంతో మనిషిని పట్టేసింది కాబట్టి అది అదుపు తప్పిందని నీకు అనిపించింది" అంటారు. ఇంకో పాప చెయ్యెత్తుతుంది. మేడ మీద నుంచి జనం తొంగిచూస్తున్నారని, ఒకావిడ భయపడి పక్కవాళ్లను పట్టుకుందని చెబుతుంది. వెనక బెంచీ నుంచి ఒకడు, "రెండేనుగులున్నయ్ టీచర్. ఒకటి కొడతా ఉంది, ఇంకోటి మోకాళ్ల మీద వంగింది" అంటాడు. "రెండు కాదురా, అదే ఏనుగు" అని పక్కవాడు కొట్టిపారేస్తాడు.

సరిగ్గా ఇక్కడే టీచర్ నోరు ఆగదు. "వెరీ గుడ్, కరెక్ట్! అదే ఏనుగు. దీని పేరు నలగిరి. రాసుకోండి" అని వచ్చేస్తుంది. ఇన్నేళ్ల అలవాటు అది. ఆ మాట అన్న క్షణంలో మిగిలిన నలభైమందికి బొమ్మతో పని అయిపోతుంది. జవాబు తేలిపోయింది, ఇక చూడటం దేనికి? శిక్షణ పొందిన టీచర్ ఆ చోట ఆగుతారు. "రెండున్నాయని ఒకరు అంటున్నారు, ఒకటే రెండుసార్లు కనిపిస్తోందని ఇంకొకరు అంటున్నారు. ఏం చూసి?" అని తిరిగి క్లాసుకే వదిలేస్తారు. పిల్లలు దంతాలు పోలుస్తారు, ఒళ్లు పోలుస్తారు. ఎడమవైపు అందరూ పారిపోతున్నారని, కుడివైపు అందరూ కదలకుండా నిలబడ్డారని ఎవరో గమనిస్తారు. కుడివైపు నిలబడ్డ మనిషి వెనకాల ఒకేలాంటి బట్టలు కట్టుకున్నవాళ్లున్నారని ఇంకెవరో పట్టేస్తారు. ముందు జరిగింది ఒకవైపు, తర్వాత జరిగింది ఇంకోవైపు చెక్కారన్న మాట పిల్లల నోటి నుంచే వస్తుంది. ఒకే చట్రంలో రెండు వేర్వేరు క్షణాలు చూపించడం మన ప్రాచీన శిల్పుల గొప్ప పనితనాల్లో ఒకటి. దాన్ని పాఠంలా వినడానికీ, తనే కనిపెట్టడానికీ మధ్య ఉన్న తేడా ఆ పిల్లాడి ముఖంలో తెలిసిపోతుంది.

టీచర్ ఇక్కడ చేసిన పనులు గమనించండి. పిల్లలు చెప్పిన ప్రతి అంశాన్నీ బొమ్మ మీద వేలితో చూపించారు, వెనకవాళ్లకూ తెలిసేలా. పిల్లాడి యాసను దిద్దకుండా, వాడి భావాన్ని కొంచెం పదును పెట్టిన మాటల్లో తిరిగి చెప్పారు. "అదుపు తప్పడం" అన్న మాట ఆ పిల్లాడికి అప్పుడే కొత్తగా దొరికింది, అదీ తన ఆలోచనకు పేరుగా. ఒకరి మాటను ఇంకొకరి మాటతో కలిపారు. ఎవరినీ మెచ్చుకోలేదు, ఎవరినీ తప్పనలేదు. "ఎందుకలా అన్నావ్?" అని నిలదీయలేదు, ఎందుకంటే ఆ అడిగే తీరులోనే పిల్లలకు తప్పు చేశామన్న భయం పుడుతుంది. "ఏం చూసి?" అంటే వాళ్ల కళ్లు మళ్లీ బొమ్మ మీదికి పోతాయి, టీచర్ ముఖం మీదికి రావు.

మ్యూజియం ట్రైనింగ్‌లో నేర్పేది ఇదే. టీచర్లు వంతులవారీగా లేచి తోటివాళ్లతో చర్చ నడుపుతారు. కోచ్ వెనక నిలబడి చూస్తారు. ఎక్కడ వేలితో చూపించడం మరిచిపోయారు, ఏ మాటను తమకు కావాల్సిన వైపు లాగేశారు, ఎవరి చెయ్యి చూడకుండా వదిలేశారు అని తర్వాత చెబుతారు. బడికి తిరిగి వెళ్లి పిల్లలతో చేశాక మళ్లీ కలుస్తారు. కారు నడపడం లాంటి నైపుణ్యం ఇది, పక్కన ఒకరు కూర్చుని చూస్తే తప్ప పుస్తకం చదివి రాదు. పదిహేనేళ్లుగా జవాబులు చెప్పడమే వృత్తిగా బతికిన మనిషికి, తెలిసిన జవాబును నోట్లోనే ఆపుకోవడం ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. క్లాసు చేతిలోంచి జారిపోతోందేమోనన్న భయం కూడా ఉంటుంది. ఆ భయాన్ని తోటి టీచర్ల మధ్య దాటించడానికే ఆ గంటలన్నీ.

అయితే ఈ పద్ధతి మీద మ్యూజియం రంగంలోనే గట్టి వాదన ఉంది. పిల్లాడు పొరపాటు మాట అంటే ఏం చేయాలి? కుడివైపు నిలబడ్డ బుద్ధుణ్ని రాజు అని క్లాసంతా తేల్చేస్తే? వీటీఎస్‌ను నిక్కచ్చిగా పాటించేవాళ్లు సమాచారం ఇవ్వకుండా చర్చనే నమ్ముకోమంటారు. చూడగా చూడగా పిల్లలే సరిదిద్దుకుంటారన్నది వాళ్ల నమ్మకం. ఫ్రిక్ కలెక్షన్‌లో పనిచేసిన రికా బర్నమ్, గెట్టీ మ్యూజియంలో పనిచేసిన ఇలియట్ కై-కీ లాంటివాళ్లు దీన్ని ఒప్పుకోలేదు. అవే మూడు ప్రశ్నలు ప్రతి బొమ్మకూ వేస్తే చర్చ యాంత్రికం అవుతుందని, తగిన సమయంలో ఇచ్చిన ఒక్క వివరం చూపును ఇంకా లోతుకు తీసుకెళుతుందని వాళ్ల వాదన.

అమరావతి ఫలకం విషయంలో నేను రెండో పక్షమే. ఎందుకంటే చర్చ చివర్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది. మన ఊరి రాయి చెన్నైలో ఎందుకుంది? దానికి జవాబు బొమ్మలో ఎంత వెతికినా దొరకదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతి స్తూపపు దిబ్బను చూడటం, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపించడం, అక్కడి నుంచి చాలా రాళ్లు 1859లో లండన్‌కు ఓడెక్కడం, ఇప్పటికీ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉండటం, ఇదంతా టీచర్ చెప్పాల్సిందే. గుంటూరు, పల్నాడు పిల్లలకు ఆ విషయం దక్కకుండా దాచడం అన్యాయం. కానీ అది చర్చకు ముందు చెబితే పాఠం. పిల్లలు అడిగాక చెబితే వాళ్ల ప్రశ్నకు జవాబు. వీటీఎస్ నుంచి నేర్చుకోవాల్సింది ఆ ముందూ వెనకల వరస అని నా అభిప్రాయం. సమాచారం అసలే వద్దన్న పట్టుదల మనకు అక్కర్లేదు.

టీచర్లతో పనిచేయడానికి వేరే దారులూ ఉన్నాయి. లండన్‌లోని నేషనల్ గ్యాలరీ 1995 నుంచి టేక్ వన్ పిక్చర్ అనే కార్యక్రమం నడుపుతోంది. తన సేకరణ నుంచి ఒక పెయింటింగ్ ఎంచుకుని, ప్రైమరీ టీచర్లను పిలిచి దాని మీద శిక్షణ ఇస్తుంది. వాళ్లు బడికి వెళ్లి ఆ ఒక్క బొమ్మ నుంచే సైన్స్, చరిత్ర, కథలు, సంగీతం, ఏది తోస్తే అది అల్లుకుంటారు. పిల్లలు చేసిన వాటిలో కొన్నింటిని గ్యాలరీలోనే ప్రదర్శిస్తారు. ఒకే బొమ్మ దగ్గర అంతకాలం నిలబడటంలో ఉన్న తెగువ నాకు చాలా నచ్చుతుంది. 2001లో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక కళాఖండం ముందు గడిపిన సగటు సమయం 27 సెకన్లు మాత్రమే. ఇంకో దారి న్యూయార్క్‌లోనే గగెన్‌హైమ్ మ్యూజియానిది. నగరంలో బడుల నుంచి ఆర్ట్, మ్యూజిక్ క్లాసులు తీసేస్తున్న రోజుల్లో, 1970లో, లెర్నింగ్ త్రూ ఆర్ట్ మొదలైంది. అందులో కళాకారులే వారాల తరబడి బడికి వచ్చి, క్లాస్ టీచర్‌తో కలిసి పాఠం నడుపుతారు. హార్వర్డ్‌లో 1967లో మొదలైన ప్రాజెక్ట్ జీరో తయారుచేసిన "చూడు, ఆలోచించు, ప్రశ్నించు" తరహా పద్ధతులను వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ టీచర్లకు ఆన్‌లైన్ కోర్సుగా అందించింది.

ఇక అసలు పరీక్ష. దీనివల్ల పిల్లలకు ఏం వచ్చింది? ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఈ రంగంలో ఉత్సాహం ఎక్కువ, గట్టి రుజువులు తక్కువ. హౌసెన్ 1990లలో మిన్నెసోటాలోని బైరన్ అనే ఊళ్లో అయిదేళ్లపాటు అధ్యయనం చేశారు. వీటీఎస్‌తో చదివిన పిల్లలు బొమ్మల్లోనే కాక ఇతర వస్తువుల విషయంలో కూడా ఆధారాలు చూపించి మాట్లాడటం మొదలుపెట్టారని తేల్చారు. విలువైన పనే. కానీ పద్ధతి తయారుచేసినవాళ్లే దాన్ని పరీక్షించారన్నది మరిచిపోకూడదు. బోస్టన్‌లోని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం తన చుట్టుపక్కల బడుల టీచర్లకు ఇదే పద్ధతిలో శిక్షణ ఇచ్చి, 2000ల మధ్యలో అమెరికా ప్రభుత్వ నిధులతో బయటివాళ్ల చేత పరిశీలన చేయించింది. అక్కడా, కార్యక్రమంలో ఉన్న పిల్లలు తమ మాటకు ఆధారం చూపడంలో మెరుగ్గా ఉన్నారు.

గగెన్‌హైమ్ ఫలితం నాకు అన్నిటికన్నా నిజాయితీగా అనిపిస్తుంది. 2006లో బయటికొచ్చిన ఆ అధ్యయనంలో, లెర్నింగ్ త్రూ ఆర్ట్‌లో ఉన్న మూడో తరగతి పిల్లలు వివరంగా వర్ణించడంలో, ఊహించి కారణం చెప్పడంలో మిగతావాళ్ల కంటే ముందున్నారు. కానీ నగరం నిర్వహించే ఇంగ్లీష్ పరీక్షలో వాళ్ల మార్కులేమీ పెరగలేదు. మ్యూజియం ఆ రెండో సంగతి కూడా దాచలేదు. కళ నేర్పితే లెక్కల్లో, ఇంగ్లీష్‌లో మార్కులు వస్తాయని ఆశపెట్టేవాళ్లు ఈ ఫలితం చదవాలి. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లండ్ అనే పరిశోధకులు 2000లో పాత పరిశోధనలన్నీ జల్లెడపట్టినప్పుడు కూడా, కళా శిక్షణ వల్లే మార్కులు పెరిగాయనడానికి పెద్దగా ఆధారం దొరకలేదు.

తరచూ ఉదహరించే ఇంకో అధ్యయనం ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ నుంచి వచ్చింది. వాల్‌మార్ట్ కుటుంబానికి చెందిన ఆలిస్ వాల్టన్ 2011లో అక్కడ క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం ప్రారంభించారు. బడులకు ఉచితం. తాకిడి తట్టుకోలేక, ఎవరు ముందు రావాలో లాటరీ తీశారు. పరిశోధకులకు అది వరమైంది. 123 బడుల నుంచి 10,912 మంది పిల్లల్ని, 489 మంది టీచర్లను పరిశీలించారు. సందర్శన అయిన సగటున మూడు వారాలకు అడిగినా పిల్లలకు చాలా గుర్తుంది. బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు చక్కెర బదులు మేపుల్ చెట్ల పాకం కాచుకున్నారన్న సంగతి, ఆ దృశ్యమున్న పెయింటింగ్ చూసినవాళ్లలో 88 శాతం మంది చెప్పగలిగారు. విమర్శనాత్మకంగా ఆలోచించడంలో మొత్తం మీద లాభం చిన్నదే, గణాంకాల భాషలో ప్రామాణిక విచలనంలో, అంటే పిల్లల స్కోర్లు సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ ఉండే దూరంలో, 9 శాతం. పల్లెటూరి పిల్లల్లో మాత్రం అది దాదాపు మూడో వంతుకు చేరింది. మ్యూజియం అంటేనే తెలియని పిల్లలకే ఎక్కువ మేలు జరిగిందన్నమాట.

ఒకటి గమనించాలి. క్రిస్టల్ బ్రిడ్జెస్‌లో కొలిచింది పిల్లల సందర్శన ఫలితాన్ని. టీచర్ ట్రైనింగ్‌ను కాదు. రెండింటినీ కలిపేసి "మ్యూజియం శిక్షణ పనిచేస్తుందని 10 వేల మందితో రుజువైంది" అని చెప్పడం తప్పు. కలిపి చదివితే తెలిసేది ఇంతవరకే. ఒక్క మంచి సందర్శన కూడా కొంత మిగులుస్తుంది. అలా చూసి మాట్లాడటం ఏడాది పొడవునా క్లాసులో సాగితే, ఆధారంతో మాట్లాడే అలవాటు పిల్లలకు వస్తుందనడానికి కొన్ని రుజువులున్నాయి. మార్కులు పెరుగుతాయని ఈ అధ్యయనాలు చూపించలేదు.

మ్యూజియాలు పిల్లల్ని వదిలి టీచర్ల వెంట ఎందుకు పడతాయో ఇప్పుడు లెక్క తేలుతుంది. గైడ్‌కు ఒక పిల్లాడు ఏడాదిలో దొరికేది ఒక గంట. మన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీ బడి ఏడాదికి 200 రోజులు నడవాలి. ఆ రోజులన్నీ టీచర్ చేతిలో ఉన్నాయి. ఒక టీచర్ మారితే ఈ ఏడు క్లాసు, వచ్చే ఏడు క్లాసు, రిటైరయ్యేదాకా ప్రతి క్లాసూ మారుతుంది. బస్సు ఖర్చు లేదు, వాన లేదు, పర్మిషన్ల గొడవ లేదు.

మన దగ్గర సంగతేమిటి? కాగితం మీద పునాది గట్టిగానే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కళతో కలిపి పాఠం చెప్పాలంటోంది. 2019లో మొదలైన నిష్ఠా శిక్షణ సుమారు 42 లక్షల మంది టీచర్లను లక్ష్యంగా పెట్టుకుంది, అందులో కళను పాఠంలో కలపడం గురించి ప్రత్యేక భాగం ఉంది. సీబీఎస్ఈ 2020-21 నుంచి ఒకటి నుంచి పది తరగతులకు ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. అందులో జత రాష్ట్రపు సంస్కృతి కూడా రావాలి. రాష్ట్రాలను రెండేసి జతచేసే కేంద్ర కార్యక్రమం ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ పిల్లలకు పంజాబ్, తెలంగాణ పిల్లలకు హర్యానా. ఆ ప్రాజెక్టు ఇంట్లో ఎలా తయారవుతుందో తల్లిదండ్రులకు బాగా తెలుసు. రాత్రి పదింటికి ఇంటర్నెట్ సెంటర్‌లో భాంగ్రా డాన్సు కలర్ ప్రింటు తీయించి, చార్టు మీద అంటించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు గీస్తారు. పిల్లలు ఆ బొమ్మను నిమిషమైనా చూడరు. తప్పు పిల్లలది కాదు, టీచర్లది కూడా కాదు. బొమ్మతో క్లాసులో ఏం చేయాలో ఆ టీచర్లకు ఎవరూ చేసి చూపించలేదు.

మన శిక్షణల నడక కూడా దీనికి పెద్ద అడ్డు. రాష్ట్రస్థాయిలో కొందరికి చెబుతారు, వాళ్లు జిల్లాకు, జిల్లావాళ్లు మండలానికి. మెట్టు మెట్టుకీ పీపీటీ మాత్రమే దిగుతుంది. ఒక చట్టం సవరణ గురించో, కొత్త రిజిస్టర్ నింపడం గురించో అయితే ఈ పద్ధతి సరిపోతుంది. జవాబు తెలిసీ నోరు ఆపుకోవడం, పిల్లాడి మాటను పట్టుకుని ముందుకు నడపడం పీపీటీలో దిగవు.

అయినా మనకు సరంజామా లేదనలేం. 1979లో ఢిల్లీలో ఏర్పడిన సీసీఆర్‌టీ, అంటే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం, ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసమే పనిచేస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడికి బడి టూర్ వస్తే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. లైన్లో నడవడం, ముట్టుకోవద్దన్న కేకలు, గంట కొట్టే సమయానికి గడియారం చుట్టూ గుంపు, ముసుగు రెబెక్కా ముందు అర నిమిషం, ఆ తర్వాత పులిహోర పొట్లాలు. బెంజోనీ చెక్కిన ఆ రెబెక్కా ముందు పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, ఏం జరుగుతోంది, ఏం చూసి అలా అంటున్నావు అని అడిగితే పిల్లలు ఎంత మాట్లాడతారో! పాలరాతిలో ముఖం, దాని మీద పలచటి ముసుగు, రెండూ ఒకే రాయి. ఆ సంగతి పిల్లల కంట పడటానికే అయిదు నిమిషాలు పడుతుంది. పడ్డాక వాళ్లను అక్కడి నుంచి కదిలించడం కష్టం.

యాభై అరవై మంది ఉన్న క్లాసులో చర్చ సాధ్యమా అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ పద్ధతి పుట్టిన బడుల్లో క్లాసుకు పాతిక, ముప్ఫైమంది. మన దగ్గర సగం క్లాసుతో బొమ్మ చూడటం, మిగతా సగానికి రాత పని ఇవ్వడం ఒక దారి. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందన్నది ఇంకో ప్రశ్న. దీనికి వేరే పీరియడ్ అడగకుండా సోషల్ పాఠంలోనే శాతవాహనుల దగ్గర అమరావతి బొమ్మ పెట్టొచ్చు. ఆర్ట్ టీచర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కుదరదు. విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వందమంది పిల్లలు దాటితేనే, ఆర్ట్‌కు పార్ట్‌టైమ్ బోధకుణ్ని పెట్టమంది.

ఖర్చు లేకుండా రేపే మొదలుపెట్టాలనుకునే టీచర్లకు దారులున్నాయి. న్యూయార్క్ టైమ్స్ తన విద్యార్థుల విభాగంలో 2012 నుంచి క్యాప్షన్ లేని ఫోటో పెట్టి ఈ పద్ధతిలోనే చర్చ నడిపిస్తోంది. అసలు వివరం తర్వాత బయటపెడుతుంది. మన కేంద్ర ప్రభుత్వపు మ్యూజియంల డిజిటల్ పోర్టల్‌లో సాలార్‌జంగ్ వస్తువుల ఫోటోలున్నాయి.

జిల్లా స్థాయిలో చేయాల్సింది నా దృష్టిలో చిన్నదే. ఇష్టపడి వచ్చే టీచర్లు ఇరవై మంది చాలు. ఒక్కరోజు సభ పెట్టి సర్టిఫికెట్లు పంచకుండా, ఏడాదిలో నాలుగు శనివారాలు మ్యూజియంలో కలవాలి. మధ్య నెలల్లో ఒకరి క్లాసుకు ఇంకొకరు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో దీనికి చోటు దొరుకుతుంది. మ్యూజియం వైపు నుంచి కావాల్సింది పది మంచి బొమ్మలు, గోడకు వేలాడదీసేంత పెద్ద ప్రింట్లు. ముందువైపు శిల్పి పేరు కానీ, కాలం కానీ, చివరికి బొమ్మ పేరు కానీ ఉండకూడదు. వివరాలన్నీ వెనకవైపు తెలుగులో అచ్చువేసి ఇస్తే, పిల్లలు అడిగినప్పుడు టీచర్ తిప్పి చదువుకుంటారు.